ఎవరూ పోలేదు, కొమ్ము పండగ

మా పై అంతస్తు ఆంటీకి తెలుగు బాగా వచ్చు. కాకపోతే ఆవిడకి వచ్చిన తెలుగంతా తిట్లే.

అందులో ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ యూదుల ఇంటి ఆడపడుచు. వాళ్ళ తాతలు బాగ్దాద్ నుంచి కలకత్తా మీదుగా బియ్యం వ్యాపారానికి రంగూన్ చేరారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడ డెక్కు మీద పడుకుని వచ్చి, అహ్లోన్ రేవులో ఆ బియ్యం బస్తాలే మోశాడు. ఇప్పుడు ఆ వ్యాపారమూ లేదు, ఆ మిల్లులూ లేవు. రంగూన్ నడిబొడ్డున చౌక్తడా పేటలో ఒక పాతకాలపు మేడ, అందులో రెండో అంతస్తులో నేను, మూడో అంతస్తులో ఆవిడ మిగిలాం. చిన్నప్పుడు ఆవిణ్ణీ, ఆవిడ తమ్ముణ్ణీ పెంచింది గంజాం నుంచి వచ్చిన తెలుగు ఆయా. పసిపిల్లలతో ఆయా ఏం మాట్లాడుతుంది? కూకో, లే, నోర్ముయ్, ముక్కు తుడుసుకో. ఆంటీ తెలుగు అక్కడే ఆగిపోయింది. "మీరు", "అండీ" అనే మాటలు మన భాషలో ఉన్నాయని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నాకు యాభై దాటాయి, ఓడల కంపెనీ ఆఫీసులో నన్ను చూసి భయపడేవాళ్ళు ఇంకా కొందరున్నారు. ఆంటీకి మాత్రం నేను పరికిణీ పిల్లనే, "ఒలే గుంటా".

ఆయా వాళ్ళ పండగలకి కూడా తెలుగు పేర్లే పెట్టింది. శనివారం పని మానేసి కూర్చోవడం "ఒక్కపొద్దు". ఆ రోజు మూడు పూటలా తింటారు, అయినా పేరు మాత్రం ఒక్కపొద్దే. పొంగని పల్చటి రొట్టెలు తినేది "అప్పడాల పండగ". సెప్టెంబరు ప్రాంతంలో వచ్చే వాళ్ళ కొత్త సంవత్సరానికి పొట్టేలు కొమ్ము ఊదుతారు కనుక అది "కొమ్ము పండగ". ఆంటీ ఇంగ్లిషులో, బర్మీస్‌లో ఈ పండగలకి అసలు పేర్లే వాడుతుంది. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం ఆయా పేర్లే.

ఈ ఊళ్ళో యూదులు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే మిగిలారు. వాళ్ళ గుళ్ళో అందరూ కలిసి ప్రార్థన చెయ్యాలంటే పదిమంది మగవాళ్ళు ఉండాలట. అంతమంది లేక ఆ లోటుని ఎన్నో ఏళ్ళుగా టూరిస్టులతో పూడుస్తున్నారు. శుక్రవారం సాయంత్రం ఆంటీ బజారులో నిలబడి, వచ్చే పోయే తెల్లవాళ్ళ మొహాల్లోకి తేరిపార చూసి, "నువ్వు మావాడివేనా?" అని ఇంగ్లిషులో అడిగేది. కాదన్నవాణ్ణి వదిలేసేది. అవునన్నవాడి చెయ్యి పట్టుకుంటే గుడిదాకా వదిలేది కాదు. కరోనా వచ్చి మింగళాడోన్‌లో విమానాలు దిగడం ఆగిపోయినప్పుడు ఊరంతా జబ్బు గురించి భయపడుతుంటే, ఆంటీ బాధ వేరు. "ఓలమ్మ, ఆకాశం నుంచి రాలే మొగోల్లు ఆగిపోనారే," అని తల పట్టుకుని కూర్చుంది.

అప్పుడు పుట్టింది వాళ్ళ దండు. దండు అన్నది కూడా ఆయా మాటే. మిగిలిన యూదులు, వాళ్ళని పెళ్ళాడిన బర్మావాళ్ళు, పాత స్నేహితులు, ఏ సంబంధమూ లేకపోయినా పాటలంటే ఇష్టమున్నవాళ్ళు శుక్రవారం పొద్దుగుంకే ముందు జూమ్‌లో చేరేవారు. ఎవరింట్లో వాళ్ళు దీపాలు వెలిగించాలి, కలిసి పాడాలి. పాట కలిసే మొదలయ్యేది. తర్వాత నెట్టు దయవల్ల ఒక్కొక్కరూ ఒక్కో చరణంలో తేలేవారు. ఆయా నేర్పిన "నోర్ముయ్" అనే మాటకి ఇన్నేళ్ళ తర్వాత సరైన ఉద్యోగం దొరికింది. ఎవరైనా మ్యూట్ నొక్కడం మర్చిపోతే ఆంటీ ఆ ఒక్క మాటా అనేది. కొన్నాళ్ళకి యూదులు, బర్మావాళ్ళు అందరూ ఒకళ్ళనొకళ్ళు ప్రేమగా "నోర్ముయ్" అనుకోవడం మొదలుపెట్టారు. నేనూ వాళ్ళతో చేరాక, నా మాతృభాష ఈ ప్రపంచానికి ఏం ఇచ్చిందో చూసి తలదించుకున్నాను.

ఆంటీ తమ్ముడిది సరిగ్గా ఎదురు మేడలో మూడో అంతస్తు. నేను అంకుల్ అంటాను. గడియారాలు బాగుచేసే మనిషి, దేంట్లోనూ ముల్లు అటూ ఇటూ కానివ్వడు. మా వీధి ఎంత ఇరుకంటే, అక్కాతమ్ముళ్ళిద్దరూ ఎవరి బాల్కనీలో వాళ్ళు నిలబడే దెబ్బలాడుకునేవారు. ఆ తర్వాతి ఫిబ్రవరిలో సైన్యం దేశాన్ని చేజిక్కించుకున్నాక, రాత్రి భోజనాల వేళ ఊరు ఊరంతా దయ్యాన్ని తరిమినట్టు గిన్నెలు వాయించడం మొదలుపెట్టింది. మా దండుకి ధర్మసందేహం వచ్చింది. శుక్రవారం పొద్దుగుంకాక వాయిద్యాలు ముట్టకూడదు కదా, మరి గిన్నె వాయించొచ్చా? అంకుల్ కూడదన్నాడు. ఆంటీ బాల్కనీలోకొచ్చి వీధంతా వినేలా తీర్పు చెప్పింది.

"తపేలా ఎప్పుడ్రా వాయిద్దెం అయినాది, బుర్రతక్కువ ఎదవా?"

చెప్పి, ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తపేలా తెచ్చి వాయించింది. దానికి ఇప్పటికీ సొట్ట ఉంది. కాసేపటికి ఎదురు బాల్కనీలో అంకుల్ కూడా ఒక చిన్న గిన్నె పట్టుకుని, చెంచాతో, సెకండ్ల ముల్లులా టక్ టక్ అని కొట్టడం చూశాను.

ఆ తపేలాలోనే తర్వాత వంట మొదలైంది. జబ్బుపడి తలుపులు మూసుకున్న ఇళ్ళకి, వాళ్ళెవరైనా సరే, అన్నం పంపడం దండు పని. కూరలు తరగడానికి రమ్మని నన్ను పిలిచి, చివరికి వంటంతా నా నెత్తిన పెట్టారు. అందులోనూ నియమాలున్నాయి. గిన్నె పొయ్యి మీద పెట్టడం యూదుల చేతి మీదుగానే జరగాలి. "నాను పొయ్యెక్కిత్తాను. మిగతాదంతా నువ్వు సేసీ," అని ఆంటీ ఆ ఒక్క పనీ చేసి కుర్చీలో కూర్చునేది. మొహింగాలోకి, అంటే బర్మావాళ్ళ సేమ్యా పులుసులోకి, ఊరంతా జెల్ల చేప వేస్తుంది. పొలుసుల్లేని చేప వాళ్ళు తినరు కనుక మేం రోహు వెయ్యాలి. రొయ్యపొట్టు ముద్ద, అదే నగాపి, అసలు గడప దాటకూడదు. నగాపి లేకుండా బర్మాలో వంటేమిటని నాకు ఒళ్ళు మండింది. అలిగి ఇంటికొచ్చేశాను. తర్వాత చింతపండు ఎక్కువ వేస్తే ఆ లోటు తెలియదని తోచి మళ్ళీ వెళ్ళాను. నేను లేనప్పుడు వాళ్ళు వండింది ఒక ముద్ద తిన్నాను. నేను వెళ్ళడం మంచిదే అయింది.

వానలు ముదిరేసరికి జబ్బు మా వీధిలోకే వచ్చింది. ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వానలో వరస కట్టి నిలబడేవారు. దండు ఎలాగో ఒక సిలిండర్ సంపాదించి, ఎవరికి అవసరమైతే వాళ్ళింటికి మోసుకెళ్ళేది. ఆ సిలిండర్ అంకుల్ ఇంటికీ వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొమ్ము పండగనాడు గుళ్ళో కొమ్ము ఊదేది అంకులే. నాకు తెలిసినప్పటినుంచీ ఆయనే. ఆ ఊదడంలో రకరకాల మోతలున్నాయి. ఒకటి నిండుగా సాగేది, ఒకటి మూడు ముక్కలుగా విరిగేది, ఒకటి వెక్కి వెక్కి ఏడ్చినట్టు తెగి తెగి వచ్చేది. ఏ మోత తర్వాత ఏది రావాలో పక్కన నిలబడి పేరుపెట్టి పిలవడానికి ఇంకొకరుండాలి. ఆ పిలిచేవాడు అంకుల్ చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చింది. స్నేహితుడు పోయాడు. ప్రార్థనకి పదిమంది కాదు కదా, మోయడానికి నలుగురు కూడా దొరకలేదు. అంకుల్ బతికాడు.

బతికాడని అందరం సంతోషించాం గానీ, ఆయన సంతోషించలేదు. ముక్కులో గొట్టంతో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిని, లేచి కూర్చుని, ఊపిరి బలంగా తీసే అలవాటు చేసుకుంటే కోలుకుంటాడని డాక్టర్ ఫోన్లో చెప్పాడు. ఆయన తినడమే మానేశాడు. మా ఊళ్ళో ప్రతి బాల్కనీ నుంచీ కిందికి ఒక తాడు వేలాడుతుంది. కింద తాడు లాగితే పైన గంట మోగుతుంది, బుట్టలో సామాను పెడితే పైవాళ్ళు లాక్కుంటారు. రోజూ నేను వెళ్ళి గంట కొట్టి క్యారేజీ పంపేదాన్ని. ఆయన్ని చూసుకునే బర్మా నర్సమ్మ లాక్కునేది. సాయంత్రం ఆ క్యారేజీ పెట్టింది పెట్టినట్టే దిగేది. చెత్తబుట్టలో పారబోసి ఖాళీ క్యారేజీ పంపినా ఆంటీ మనసు కొంత కుదుటపడేది. అబద్ధం ఆడటం కూడా ఆ మనిషికి చేతకాదు.

"జబ్బు ఎలిపోనాది. ఈడే లెగడం లేదు," అంది ఆంటీ ఒకరోజు నా వంటింట్లో. ఆవిడ మొహం అంత చిన్నదైపోగా నేను ఎప్పుడూ చూడలేదు. "కొమ్ము ఇనిపించాల. అదింటే లెగిస్తాడు. అదీ ఇనకపోతే..." అని ఆగిపోయింది. మిగతాది నాకు అర్థమైంది.

శుక్రవారం జూమ్‌లో దండు ఆ సంగతి మాట్లాడింది. విదేశంలో ఉన్న చుట్టమెవరో ఫోన్లో ఊదుతానన్నాడు. అది కుదరదు. పండగనాడు అంకుల్ ఫోన్ ముట్టడు, పైగా కొమ్ము మోత నేరుగా చెవిన పడాలిగాని యంత్రంలోంచి వస్తే చెల్లదట. ఇక్కడున్న మగవాళ్ళలో ఒకాయనకి గుండె ఆపరేషన్ అయింది, ఒకాయన మింగళాడోన్ అవతల చిక్కుకుపోయాడు, మిగతావాళ్ళకి ఊదడం రాదు.

"నేనూదుతాను," అన్నాను. మా తాత మిల్లులో బస్తాలు మోస్తూనే, అహ్లోన్‌లో మనవాళ్ళకి దాసరిగా ఉండేవాడు. పూజలకీ, చావులకీ శంఖం ఊదేవాడు. ఆ శంఖం ఇప్పుడు నా బీరువాలో ఉంది. ఆడపిల్ల ముట్టుకుంటే అరిష్టమని మా ఇంట్లో కోప్పడేవారు. కోప్పడినకొద్దీ నాకు ఊదడం బాగా వచ్చేసింది.

"నువ్వూదితే సెల్లదే. మా మడిసే ఊదాల," అంది ఆంటీ.

"మరి ఎవరున్నారు?"

"నాను."

ఆడవాళ్ళు కొమ్ము ఊదడం ఈ ఊరి యూదుల్లో ఎప్పుడూ లేదు. గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఆంటీ ఆయనకి ఏం చెప్పాలో చెప్పింది. అదే, నోర్ముయ్.

అయితే కొమ్ము అంకుల్ దగ్గరుంది. అడిగితే, ఈ ఏడు కొమ్మూ లేదు, పండగా లేదని నర్సమ్మతో చెప్పించాడు. పండగ దగ్గరికొస్తోంది. కొమ్ము తర్వాత చూద్దాం, ముందు ఊదడం నేర్చుకోమని బీరువాలోంచి శంఖం తీశాను. రెంటికీ పెదాల పనితనం ఒకటే.

పాఠాలు మెట్ల మీద జరిగాయి. ఆవిడ పై మలుపులో, నేను కింది మలుపులో, మధ్య ప్రభుత్వం చెప్పినంత దూరం. బుగ్గలు పొంగించకూడదని, పెదాలు బిగించి చింతపిక్క ఊసినట్టు గాలి వదలాలని మా తాత చెప్పిన పాఠమే చెప్పాను. మొదటిరోజు గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత గాలి బదులు కట్టుడుపళ్ళు వచ్చాయి. అవి ఒక్కో మెట్టూ దిగి నా కాళ్ళ దగ్గర ఆగాయి.

"నవ్వావంటే సంపీగల్ను," అని పైనుంచి పళ్ళులేని గొంతు వినిపించింది. నేను ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

మొత్తానికి కొన్నాళ్ళకి శంఖం పలికింది. నిండుగా కాదు. ఆవిడకి ఊపిరి చాలక తెగి తెగి, ఆగి ఆగి, వెక్కినట్టు వచ్చింది. అదీ మంచిదే, ఆ విరిగిన మోతలు ఎలాగూ కావాలి కదా అని అవే సాధన చేయించాను. ఆ మధ్యాహ్నమంతా మా మెట్లదారి మోగిపోయింది. నేను కూడా ఉత్సాహపడి, ఇలా ఇలా అని మధ్యమధ్య ఊది చూపించాను.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, దాసరి మనవరాలినై ఉండి అది నాకు తట్టకపోవడమేమిటి? మనవాళ్ళలో పూజకి ఊదే శంఖం నిండుగా సాగుతుంది. తెగి తెగి, ఆగి ఆగి ఊదేది శవం లేచేటప్పుడు.

వంటింట్లోకి వచ్చి చింతపండు పిసుకుతుంటే ఫోన్ బుర్రుమంది. మన తెలుగువాళ్ళ గ్రూపులో నా ఫోటో ఉంది. ఏదో పెళ్ళిలోది, పక్కనున్న ఎవరిదో భుజం కూడా పడింది. దాని కింద దీపం బొమ్మ. నేను పోయానట. మా మేడలోంచి శంఖం వినిపించింది, మా మేడలో తెలుగింటి మనిషిని నేనొక్కదాన్నే, కాబట్టి నేనే. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మింగళాడోన్‌లో ఉండే మా పిన్ని కొడుకు మాత్రం వాక్యం రాశాడు: "మనిషి మంచిదే. నోరే కొంచెం."

వెంటనే వాడికి ఫోన్ చేశాను.

"ఎవులూ?" అన్నాడు ఏడుపు గొంతుతో.

"నేనేరా. నోరే కొంచెం!"

అటువైపు ఫోన్ కింద పడిన చప్పుడైంది.

నేను బతికే ఉన్నానని గ్రూపులో రాశాను. దాని కింద కూడా ఒకాయన చేతులు జోడించి "ఆత్మకు శాంతి" అని పెట్టాడు. ఈలోగా వీధిలో అలజడి. బాల్కనీలోకి వెళ్ళి చూస్తే మా తెలుగు గుడి పెద్దాయన, ఒళ్ళంతా ప్లాస్టిక్ కోటు తొడుక్కుని, చేతిలో బంతిపూల దండతో నిలబడి ఉన్నాడు. వెనక ఇద్దరు వెదురుబొంగులు మోసుకొచ్చారు. నన్ను చూసి ఆయన దండ దాచడానికి చోటు వెతుక్కున్నాడు.

"నువ్వు... బాగున్నావేటమ్మా?"

"ఇంతవరకూ బాగానే ఉన్నానండి."

పై బాల్కనీ నుంచి ఆంటీ తొంగిచూసింది. "ఎవుల్రా గుంటడా నువ్వు? మాస్కు ముక్కు మీదికెట్టు! ఎవులు సచ్చిపోనారని బొంగులట్టుకొచ్చినావు?"

ఎనభై దాటిన ఆ పెద్దాయనని గుంటడా అన్నవాళ్ళు ఈ మధ్యకాలంలో ఎవరూ ఉండరు. ఆయన మాస్కు సర్దుకున్నాడు. కోప్పడలేదు. నావైపు చూసి, "మన దాసరి కూడా పోనాడు కదమ్మా. ఈ నెలల్లో ఎంతమంది పోనా ఒక్కులికీ సంకం లేదు. సప్పుడు లేకుండా బండెక్కించీసి అంపించీసినాం. ఇయేల ఇనబడేసరికి, పోనీలే, ఈమెకైనా సంకం దక్కినాదని..." అన్నాడు. దండ వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు అంతవరకూ ఉన్న కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు.

అప్పుడే ఎదురు మేడలో గంట మోగింది. ఒకసారి కాదు, ఆపకుండా, ఎవరో తాడు తెంపేసేటట్టు. అందరం తలెత్తాం.

బాల్కనీలో అంకుల్. కమ్మీ పట్టుకుని, ముక్కులో గొట్టంతో, నిద్రలుంగీతో. ఆయన్నీ ఆ ఆయాయే పెంచింది. శంఖం తెగి తెగి ఎందుకు ఊదుతారో ఆయనకి తెలుసు. అది అక్క ఉన్న మేడలోంచి వినిపించింది. బొంగులు ఆ మేడ గుమ్మం ముందే ఆగాయి. అరవడానికి ఊపిరి లేక, గంట తాడు పట్టుకుని లాగుతున్నాడు.

"నాను కాదురా!" అని ఆంటీ గావుకేక పెట్టింది. "నాను కాదు, పిరికి ఎదవా! బతికే ఉన్నాను!"

ఆయన తాడు వదిలేశాడు. చాలాసేపు ఒగర్చాడు. ఇరుకు వీధి కాబట్టి ఆయన గొంతు చిన్నదైనా వినిపించింది.

"మరెవులు?"

"ఎవులూ లేదు! ఊదడం నేర్సుకుంటన్నాను, నీ దిక్కుమాలిన పండక్కి!"

అంకుల్‌కి ఆ సంగతి అర్థం చేసుకోవడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన మొహంలో కనిపించింది దయా కాదు, కృతజ్ఞతా కాదు. పాడైన గడియారాన్ని ఎవడో సుత్తితో బాగుచేశాడని తెలిసినట్టు చూశాడు.

"అదా ఊదడం?" అన్నాడు. "బుగ్గల్తో కాదే. కడుపులోంచి. నోటి మూల నుంచి."

అని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఎదురు మేడ బుట్ట మెల్లగా దిగింది. అందులో పాత తువ్వాలు చుట్టిన కొమ్ముంది.

పండగకి ముందురోజు గ్రూపులో నేనే ప్రకటన పెట్టాను: "రేపు పొద్దున మా వీధిలో కొమ్ము ఊదుతారు. ఎవరూ పోలేదు. యూదుల కొమ్ము పండగ. పూలు, బొంగులు తేవద్దు." పూలు తేలేదు గానీ, మా గుడి పెద్దాయన మడతకుర్చీ తెచ్చుకుని మా గుమ్మం పక్కన కూర్చున్నాడు. దండులో రాగలిగినవాళ్ళు మాస్కులతో తలో గుమ్మంలో నిలబడ్డారు. ఆంటీ తెల్లబట్టలు కట్టుకుని వీధి మధ్యకి వచ్చింది. కట్టుడుపళ్ళ డబ్బీ నా చేతిలో పెట్టింది. నోటి మూల నుంచి ఊదడానికి పళ్ళు లేకపోతేనే వీలని ఆఖరికి తేలింది.

వచ్చింది, నిలబడింది, కానీ మొదలుపెట్టలేకపోయింది. పిలిచేవాడు లేడు. అందరికీ ఆ సంగతి ఒకేసారి గుర్తొచ్చినట్టుంది, ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ఎదురు బాల్కనీ తలుపు మూసే ఉంది. ఆంటీ కొమ్ము రెండు చేతులా పట్టుకుని ఆ తలుపు వైపే చూస్తోంది. ఎప్పుడూ ఎవరో ఒకరిని తిట్టే ఆ నోరు అలా ఉత్తినే తెరుచుకుని ఉండటం నేను చూడలేకపోయాను.

తలుపు తెరుచుకుంది. అంకుల్ ఉతికిన తెల్లచొక్కా వేసుకున్నాడు. నర్సమ్మ గొట్టం పట్టుకుని వెనకే వచ్చింది. ఆయన కమ్మీ మీద చేతులాన్చి, ఉన్న కొంచెం ఊపిరీ కూడగట్టుకున్నాడు.

"తెకియా," అన్నాడు.

అది నిండు మోత పేరు, ఆయన స్నేహితుడు పిలవాల్సిన పిలుపు. ఆంటీ ఊదింది. మొదట గాలి, తర్వాత దూడ అరుపు, ఆ తర్వాత అసలైన మోత. తీగలమీది కాకులన్నీ లేచిపోయాయి.

"శెవారిమ్." మూడు ముక్కలు.

"తెరువా!"

మా గుడి పెద్దాయన కుర్చీలోంచి గబుక్కున లేచాడు. "తెరిసే ఉందండి బాబూ!" అంటూ పోయి మా వీధి తలుపు రెండో రెక్క కూడా బార్లా తీశాడు. ఆ మోత పేరే అదని ఆయనకి తెలియదు. తర్వాత తెరువా అన్నప్పుడల్లా ఆయన, తీసే ఉంది కదా అన్నట్టు, తలుపు వైపు చెయ్యి చూపిస్తూనే ఉన్నాడు. నవ్వొచ్చి ఆంటీకి ఒక మోత పాడైంది. అంకుల్ అదే మళ్ళీ పిలిచాడు. ఆవిడ మళ్ళీ ఊదింది. ఆయన ప్రతి పిలుపుకీ ఆగి ఊపిరి తీసుకోవాలి, ఆవిడ ప్రతి మోతకీ ఆగి ఊపిరి తీసుకోవాలి. ఇద్దరి ఊపిరీ కలిపితే ఒక మనిషికి సరిపోయేటంత ఉందేమో.

ఆఖరిది పెద్ద మోత. ఎంతసేపు ఊపిరి ఉంటే అంతసేపు ఊదాలి. ఆంటీ కళ్ళు మూసుకుంది. సన్నగా మొదలైంది, తెగలేదు. సాగింది. అహ్లోన్ రేవులో సరుకు పడవ కదిలేటప్పుడు కూసే కూతలా ఆ ఇరుకు వీధి ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళింది. ఎదురు మేడ మీద ఎవరో బర్మా ముసలమ్మ చేతులు జోడించింది. ఆ ఏడాది చప్పుడు లేకుండా వెళ్ళిపోయిన వాళ్ళందరూ నాకు గుర్తొచ్చారు. మా గుడి పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

మోత ఆగింది. అంకుల్ చేతి గడియారం చూసుకున్నాడు. వీధి వీధంతా ఆయన మొహం వైపే చూస్తోంది.

"కురస," అన్నాడు.

"ఎవులికి కురసరా, తిన్నింటి వాసాలు లెక్కెట్టేవోడా! ముసిల్దాని ఊపిరి అంతే ఉంటాది!"

బుట్ట దిగింది. "కొమ్మిలా అంపీ."

ఆంటీ మొహం పాలిపోయింది. ఆడది ఊదిందని కోపమొచ్చి లాక్కుంటున్నాడనుకుంది, నేనూ అదే అనుకున్నాను. ఆవిడ కొమ్ముని తువ్వాల్లో చుట్టి బుట్టలో పెట్టింది. నాకు కడుపు మండిపోయింది. ఆ పండగకి తినాల్సిన బొబ్బర్ల కూర, గుమ్మడికాయ, అన్నం సర్దిన క్యారేజీ తెచ్చి కొమ్ము పక్కన పెట్టాను. తింటే తిను, లేకపోతే మా నెత్తిన విసిరికొట్టు అని మనసులో అనుకున్నాను.

నర్సమ్మ తాడు అందుకోబోతే ఆయన ఆమె చెయ్యి తోసేశాడు. తనే లాగాడు. మొదటి అంతస్తు దగ్గర బుట్ట ఆగింది. ఆయన ఊపిరి పీల్చుకునేదాకా అక్కడే గాల్లో ఊగింది. మళ్ళీ కదిలింది, రెండో అంతస్తు దగ్గర మళ్ళీ ఆగింది. సాయం చేస్తామనే ధైర్యం ఎవరికీ లేదు. బుట్ట కమ్మీ దాటి లోపలికి వెళ్ళింది. ఆయన కొమ్ము తీసి పక్కన పెట్టుకున్నాడు. తర్వాత క్యారేజీ తీశాడు. మూత తెరిచాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వీధిలో ఇంతమందిమి నిలబడి, ఒక మనిషి బొబ్బర్ల కూర నమలడం నోరు తెరుచుకుని చూశాం.

"ఉప్పు లేదు," అన్నాడు.

ఉప్పు వేసింది నేను. నిండా వేశాను. జబ్బుతో రుచి పోయింది ఆయనకి. ఆ మాట అనబోతుంటే ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన ఇంకో ముద్ద తిన్నాడు. కొమ్ము వైపు చూశాడు. కిందికి చూశాడు.

"వొచ్చే ఏడు నానే ఊదతాను. నీకు రాదు."

ఆంటీ మా గుమ్మం మెట్టు మీద కూలబడింది. తెల్లబట్టలు తడి నేలకి ఆనాయని కూడా చూసుకోలేదు. పళ్ళులేని నోటితో ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. పళ్ళ డబ్బీ ఇంకా నా చేతిలోనే ఉంది.

"నాకు రాదురా," అంది. "నువ్వే ఊదు, నాయనా. నువ్వే ఊదు."

ఇన్నేళ్ళలో ఆవిడ తమ్ముడితో ఒక్క తిట్టు కూడా లేకుండా తెలుగు మాట్లాడటం నేను విన్నది అప్పుడే.